మీ అబ్బాయి కాలేజ్ బేస్‌బాల్ ఆడగలడా? మీరే చూసి తేల్చుకోవడం ఎలా

అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాల్లో బేస్‌బాల్ ఆడే పిల్లలు ఉన్నారు. తల్లిదండ్రుల్లో ఎక్కువమంది క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్లు కాబట్టి ఆట తొందరగానే అర్థమవుతుంది. పిల్లవాడు పదో తరగతికి వచ్చేసరికి మాత్రం ఒక టెన్షన్ మొదలవుతుంది: వీడు కాలేజ్‌లో ఆడగలడా, లేక ఇక్కడితో సరా? ట్రావెల్ టీమ్ (స్కూల్ బయట టోర్నమెంట్లు ఆడించే ప్రైవేట్ జట్టు) వాళ్లని అడిగితే "తప్పకుండా ఆడతాడు" అంటారు. షోకేస్ (కాలేజ్ కోచ్‌ల ముందు పిల్లల సత్తా చూపించే ఈవెంట్) నడిపేవాళ్లని అడిగితే ఇంకో షోకేస్‌కి రమ్మంటారు. ఇద్దరికీ మీ ఫీజు కావాలి. అందుకే మీ కళ్లతో మీరే చూసి ఒక అంచనాకు రావడం నేర్చుకోండి.

ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతావన్నీ దాని వెంట వస్తాయి. కాలేజ్ కోచ్ మీ వాడి ఆట చూస్తున్నప్పుడు ఇరవై ఏళ్లకు వాడు ఏం చేయగలడో లెక్క వేసుకుంటాడు. పిందెను చూసి పండు ఎలా ఉంటుందో చెప్పడం లాంటి పని అది. మీరూ అలాగే చూడాలి.

ముందు మెట్లు తెలుసుకోండి

"కాలేజ్ బేస్‌బాల్" అంటే ఒకటే మెట్టు అనుకోకండి. కాలేజ్ క్రీడల్ని నడిపే పెద్ద సంస్థ ఎన్‌సీఏఏలో డివిజన్ 1, 2, 3 ఉన్నాయి. అవి కాక ఎన్‌ఏఐఏ అనే ఇంకో సంస్థ కింద ఆడే స్కూళ్లు, రెండేళ్ల జూనియర్ కాలేజీలు ఉన్నాయి. డివిజన్ 1లో దాదాపు 300 జట్లు ఉంటాయి, డివిజన్ 3లో అంతకంటే ఎక్కువ. దేశం మొత్తం మీద హైస్కూల్ బేస్‌బాల్ ఆడే కుర్రాళ్లు నాలుగున్నర లక్షలకు పైనే. ఎన్‌సీఏఏ జట్లలో చోటు దొరికేది వాళ్లలో నూటికి ఏడెనిమిది మందికి, డివిజన్ 1లో అయితే ఇద్దరు ముగ్గురికి.

పైగా ఈ మధ్య చోట్లు ఇంకా తగ్గాయి. ఆటగాళ్లకు చెల్లింపుల మీద ఎన్‌సీఏఏతో నడిచిన కేసులో కుదిరిన కోర్టు సెటిల్‌మెంట్‌లో చేరిన డివిజన్ 1 స్కూళ్లు 2025-26 నుంచి జట్టులో 34 మందినే పెట్టుకోవాలి. అంతకుముందు ఉన్న 11.7 స్కాలర్‌షిప్పుల పరిమితి పోయింది కానీ, అందరికీ ఫుల్ స్కాలర్‌షిప్ ఇచ్చే డబ్బు ఎక్కువ స్కూళ్ల దగ్గర లేదు. దానికి తోడు, కాలేజ్ మారాలనుకునే ఆటగాళ్లు పేరు పెట్టుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్. ఇప్పుడు కోచ్ ముందు మీ 17 ఏళ్ల అబ్బాయితో పాటు, వేరే కాలేజ్‌లో మూడేళ్లు ఆడి కండ పెంచుకున్న 21 ఏళ్ల ఆటగాడు కూడా ఉంటాడు. ఈ పోటీ తెలిస్తే అంచనా నేల మీద ఉంటుంది.

స్కోర్‌బుక్ పక్కన పెట్టండి

హైస్కూల్ లెక్కల్లో .450 బ్యాటింగ్ యావరేజ్ (అంటే వందకు 45 సార్లు హిట్) చూసి పొంగిపోకండి. ఎదురుగా గంటకు 72 మైళ్ల వేగంతో వేసే పిచర్లే ఉంటే ఆ అంకెకు విలువ లేదు. 85 దాటి వేసే కుర్రాడు ఎదురైనప్పుడు ఏం జరిగిందో అది అడగండి. ఆ రోజు మూడుసార్లు అవుటైనా ప్రతిసారీ బంతి గట్టిగా తగిలి ఉంటే, బలహీనమైన జట్టు మీద కొట్టిన నాలుగు హిట్ల కంటే అదే మంచి కబురు. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని, ప్రతి బ్యాటింగ్‌కీ పిచర్ వేగం సుమారుగా ఎంత, బంతి ఎంత గట్టిగా తగిలింది, ఎటు వెళ్లింది అన్నవి రాసుకోండి. ఒక సీజన్ అలా రాస్తే, స్కూల్ వెబ్‌సైట్‌లో ఉన్న అంకెల కంటే మీ నోట్‌బుక్కే ఎక్కువ చెప్తుంది.

ఆటకు గంట ముందే వెళ్లండి

ఆటగాళ్లని వెతికే స్కౌట్లు మొదటి పిచ్‌కు (పిచర్ వేసే బంతికి) చాలా ముందే గ్రౌండ్‌కి చేరుకుంటారు. అసలు ఆటలో షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) దగ్గరికి ఒక్క కష్టమైన బంతి కూడా రాకపోవచ్చు. వార్మప్‌లో, ఇన్‌ఫీల్డ్ ప్రాక్టీస్‌లో వరుసగా వస్తాయి. అక్కడ పాదాలు చూడండి. బంతి బ్యాట్‌ను తాకే క్షణానికి రెండు పాదాలూ చిన్నగా కదిలి సిద్ధంగా ఉన్నాయా, లేక మడమల మీద నిలబడిపోయాడా? బంతి దగ్గరికి తను వెళ్తున్నాడా, బంతి వచ్చేదాకా ఆగుతున్నాడా? గ్లవ్‌లోంచి చేతిలోకి బంతి ఎంత తొందరగా మారుతోంది? బ్యాక్‌హ్యాండ్ వైపు, థర్డ్ బేస్‌కీ తనకీ మధ్య ఖాళీలోకి వెళ్లి పట్టిన బంతిని ఫస్ట్ బేస్‌కి గాలిలో చేర్చగలుగుతున్నాడా, లేక బౌన్స్ చేస్తున్నాడా?

కాలేజ్ జట్లలో సెకండ్ బేస్, థర్డ్ బేస్, లెఫ్ట్ ఫీల్డ్ ఆడేవాళ్లలో చాలామంది హైస్కూల్లో షార్ట్‌స్టాప్‌లో, సెంటర్ ఫీల్డర్లో. కోచ్‌లు మైదానం మధ్యలో ఆడేవాళ్లని తీసుకుని తర్వాత పక్కకు జరుపుతారు. బస్టర్ పోసీ ఫ్లోరిడా స్టేట్‌కి షార్ట్‌స్టాప్‌గా వెళ్లి అక్కడే క్యాచర్ అయ్యాడు. జేకబ్ డిగ్రామ్ స్టెట్సన్ యూనివర్సిటీలో షార్ట్‌స్టాప్. పిచింగ్ మొదలుపెట్టింది మూడో ఏడు. 2010లో డ్రాఫ్ట్ (ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే పద్ధతి) తొమ్మిదో రౌండ్‌లో ఎంపికై, 2018, 2019ల్లో వరుసగా మేటి పిచర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు గెలిచాడు. అందుకే మీ వాడి పొజిషన్ పేరు పట్టుకుని కూర్చోకండి. పాదాలు, చేతులు, విసిరే బలం ఉంటే పొజిషన్ ఎక్కడైనా దొరుకుతుంది. హైస్కూల్లోనే ఫస్ట్ బేస్‌కి పరిమితమైన కుర్రాడు మాత్రం చాలా గట్టిగా కొట్టగలగాలి, ఎందుకంటే వాడిని పక్కకు జరపడానికి ఇంకో చోటు ఉండదు.

స్టాప్‌వాచ్ కొనండి

ఫోన్‌లోది కాకుండా, బొటనవేలికి బటన్ తగిలే మామూలు స్టాప్‌వాచ్ మంచిది. దానితో మూడు కొలతలు తీసుకోండి.

మొదటిది హోమ్ నుంచి ఫస్ట్ బేస్‌కి పరుగు. బ్యాట్‌కు బంతి తగిలిన చప్పుడుకు నొక్కి, బేస్ మీద అడుగు పడగానే ఆపండి. ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో పై మెట్టయిన మేజర్ లీగ్‌లో సగటున కుడిచేతి బ్యాటర్ 4.3 సెకన్లు, ఎడమచేతి బ్యాటర్ 4.2 సెకన్లు తీసుకుంటారు. హైస్కూల్ కుర్రాడికి 4.4, 4.5 వస్తే బాధపడాల్సిన పని లేదు. ఒక్కసారి కొలిచి ఊరుకోకండి, ఐదారు ఆటల్లో కొలవండి. పిచర్ చేతిలోకే వెళ్లిన తేలిక బంతికి వాడు ఎంత సేపట్లో పరుగెత్తాడో అది కూడా రాసుకోండి, దాని పని తర్వాత పడుతుంది. షోకేసుల్లో 60 గజాల పరుగు తీయిస్తారు. డివిజన్ 1లో సెంటర్ ఫీల్డ్, షార్ట్‌స్టాప్ కావాలంటే 7 సెకన్ల లోపు ఉండాలి, 6.8 అయితే ఇంకా మేలు. 7.2 దాటితే బ్యాట్ బలంగా మాట్లాడాలి.

రెండోది క్యాచర్‌ది. పిచ్ వాడి గ్లవ్‌లో పడినప్పటి నుంచి సెకండ్ బేస్ దగ్గర ఫీల్డర్ గ్లవ్‌లో పడేదాకా కొలవండి. దీన్ని పాప్ టైమ్ అంటారు. మేజర్ లీగ్ సగటు 2.0 సెకన్లు. షోకేస్‌లో క్యాచర్‌కి విసరాలని ముందే తెలుసు కాబట్టి అక్కడ సమయం ఎప్పుడూ తక్కువే వస్తుంది. నిజమైన ఆటలో రన్నర్ సెకండ్ బేస్ దొంగిలించడానికి పరుగెత్తినప్పుడు వచ్చిన అంకెనే నమ్మండి. బంతి ఎక్కడ పడిందో కూడా చూడండి. 1.95లో విసిరి బేస్‌కి ఆరడుగుల పక్కన వేస్తే ఉపయోగం లేదు.

మూడోది పిచర్ కదలడం మొదలుపెట్టినప్పటి నుంచి బంతి క్యాచర్‌కి చేరేదాకా. బేస్ మీద రన్నర్ ఉన్నప్పుడు 1.3 సెకన్ల దగ్గర ఉంటే బాగున్నట్టు.

బ్యాటర్‌ని చూడటం

హైస్కూల్లో 2012 నుంచి కాలేజ్‌లో వాడే ప్రమాణానికి తగిన బ్యాట్లే వాడుతున్నారు కాబట్టి, పాత రోజుల్లోలా మెటల్ బ్యాట్ బంతిని అదనంగా ఎగరేసి మోసం చేయడం అంత ఉండదు. అయినా వేసవిలో చెక్క బ్యాట్ టోర్నమెంట్ ఒకటి ఆడించి చూడండి. సరిగా మధ్యలో తగలని బంతి చెక్క బ్యాట్‌తో అక్కడికక్కడే చచ్చిపోతుంది.

ఫస్ట్ బేస్ వైపు, ఆ తర్వాత థర్డ్ బేస్ వైపు నిలబడి చూడండి. కుడిచేతి బ్యాటర్ ఛాతీ కనిపించేది ఫస్ట్ బేస్ వైపు నుంచి. వంపు తిరిగే కర్వ్‌బాల్ వచ్చినప్పుడు వాడి ముందు కాలు ఎటు పడుతోందో గమనించండి. నేరుగా పిచర్ వైపు పడితే వాడికి బయటి బంతిని కూడా కొట్టే అవకాశం ఉంది. థర్డ్ బేస్ వైపు జారిపోతే భయమో, తొందరో ఉంది. అది 75 మైళ్ల పిచర్ ముందు దాగుతుంది, 88 ముందు దాగదు.

నా దృష్టిలో బ్యాటర్ గురించి అన్నిటికంటే ఎక్కువ చెప్పేది రెండు స్ట్రైకుల తర్వాత బ్యాటింగ్. అప్పుడు నేల మీద పడే బ్రేకింగ్ బాల్‌ని (కర్వ్‌బాల్ లాంటిదాన్ని) వదిలేస్తున్నాడా? కష్టమైన బంతిని ఫౌల్ కొట్టి బతుకుతున్నాడా? వదిలేసిన బంతిని క్యాచర్ గ్లవ్ దాకా కళ్లతో వెంబడిస్తున్నాడా? ఏడెనిమిది పిచ్‌లు ఆడి చివరికి అవుటైన కుర్రాడు, మొదటి బంతికే తేలికపాటి హిట్ కొట్టినవాడి కంటే ముందున్నట్టు చాలాసార్లు.

ఎగ్జిట్ వెలాసిటీ, అంటే బ్యాట్ నుంచి బంతి బయటికి వెళ్లే వేగం, ఇప్పుడు అందరి నోటా వినిపిస్తోంది. డివిజన్ 1కి వెళ్లే కుర్రాళ్లలో ఎక్కువమంది 90 మైళ్లు దాటతారు. కానీ టీ అనే స్టాండ్ మీద కదలకుండా పెట్టిన బంతిని కొట్టి తెచ్చుకున్న 95కీ, ఆటలో కదిలే బంతిని కొట్టిన 90కీ చాలా తేడా ఉంది. అంకె చెప్పినవాళ్లని అది ఎలా కొలిచారో తప్పకుండా అడగండి.

పిచర్‌ని చూడటం

రాడార్ గన్ మీద ఒక్కసారి 90 కనబడితే చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లు తీస్తారు. మీరు గత్యంతరం లేనప్పుడు వేసిన బంతి వేగం చూడండి. ఐదో ఇన్నింగ్స్, ఇద్దరు రన్నర్లు, చెమటలు పట్టిన చేయి, అప్పుడు వేగం ఎంత? అత్యధిక వేగం కంటే నిలకడగా ఉండే వేగం ముఖ్యం. పెద్ద కాన్ఫరెన్సుల్లో (కాలేజీల లీగుల్లో) 90 పైన మామూలైపోయింది. మిగతా డివిజన్ 1 జట్లకు 80ల మధ్య నుంచి పైకి, డివిజన్ 3కి 80 చుట్టుపక్కల అన్నది ఉజ్జాయింపు లెక్క. ఎడమచేతి పిచర్ అయితే రెండు మూడు మైళ్లు తగ్గినా కోచ్‌లు సర్దుకుంటారు.

వేగం తర్వాత చూడాల్సింది బంతి అనుకున్న చోట పడుతోందా అన్నది. క్యాచర్ గ్లవ్‌ని చూడండి. బయటి మూలలో పెట్టిన గ్లవ్ కదలకుండా బంతిని పట్టిందా, లేక క్యాచర్ ప్రతిసారీ చేయి చాచి వెతుక్కోవాల్సి వస్తోందా? మొదటి పిచ్ స్ట్రైక్ ఎన్నిసార్లు వేశాడో లెక్కపెట్టండి. పదిలో ఆరు దాటితే బాగున్నట్టు. రెండు బాల్స్, ఒక స్ట్రైక్ ఉన్నప్పుడు కర్వ్‌బాల్ వేసి స్ట్రైక్ తెచ్చుకోగలిగిన హైస్కూల్ కుర్రాడు దొరకడం కష్టం. అది చూస్తే నోట్‌బుక్‌లో గీత కింద గీత గీసుకోండి.

ఇక్కడ తల్లిదండ్రులకు గట్టిగా ఒక మాట చెప్పాలి. వేగం కోసం చేతిని పాడు చేయకండి. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి టామీ జాన్ అనే పిచర్‌కి మోచేయి లిగమెంట్ ఆపరేషన్ చేశారు. ఇప్పుడు అదే ఆపరేషన్ హైస్కూల్ పిల్లలకూ చేయాల్సి వస్తోంది. మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి పెట్టిన పిచ్ స్మార్ట్ నియమాల ప్రకారం 15-16 ఏళ్ల కుర్రాడు రోజుకు 95, 17-18 ఏళ్ల కుర్రాడు 105 పిచ్‌లు దాటకూడదు. 31 నుంచి 45 వేస్తే కనీసం ఒక రోజు, 46 నుంచి 60 వేస్తే రెండు రోజులు విశ్రాంతి ఇవ్వాలి. స్కూల్ కోచ్‌కి ట్రావెల్ టీమ్‌లో వేసిన పిచ్‌లు తెలియవు, వాళ్లకి వీళ్లవి తెలియవు. ఆ రెండు లెక్కలూ కలిపి చూసేది ఇంట్లో మీరే. ఏడాదిలో వరుసగా కనీసం రెండు మూడు నెలలు విసరడం పూర్తిగా ఆపించండి. ఆరోగ్యంగా ఉన్న చేయి కూడా కోచ్ దృష్టిలో ఒక అర్హతే.

ఒళ్లు, ఎదుగుదల

పదిహేనేళ్లకే గడ్డం వచ్చి, గట్టిపడిన కుర్రాడు ఆ వయసులో అందరికంటే బాగా ఆడతాడు. కానీ వాడి ఎదుగుదల అక్కడికి అయిపోయి ఉండొచ్చు. పక్కనే పొడుగ్గా, సన్నగా, భుజాలు వెడల్పుగా ఉండి 80 మైళ్లు వేసే కుర్రాడికి ఇంకో 30 పౌండ్లు ఎక్కే చోటు ఉంది. కోచ్‌లు ఎక్కువసార్లు రెండోవాడి వైపే మొగ్గుతారు. మీ ఇంట్లో మగవాళ్ల ఎత్తు, మీ వాడి పుట్టిన నెల, గత ఏడాదిలో ఎంత పెరిగాడు అన్నవి నిజాయితీగా రాసుకోండి.

బరువులు ఎత్తితే పొడవు ఎదగరన్న మాట మన ఇళ్లలో ఇంకా వినిపిస్తుంది. సరైన పర్యవేక్షణలో చేసే వెయిట్ ట్రైనింగ్ ఎదుగుదలను ఆపదని అమెరికన్ పిల్లల వైద్యుల సంఘం స్పష్టంగా చెప్పింది. శాకాహారం తినే ఇంట్లో అయితే ప్రతి పూటా పప్పు, పెరుగు, పనీర్ సరిపడా పడుతున్నాయో లేదో చూసుకోండి.

నడవడిక

ఇది కొలవడానికి స్టాప్‌వాచ్ ఉండదు కానీ కోచ్‌లు తప్పకుండా చూస్తారు. స్ట్రైకవుట్ అయ్యాక డగౌట్‌లోకి వెళ్లి హెల్మెట్ విసిరాడా? లేక తర్వాతి బ్యాటర్‌తో పిచర్ ఏం వేస్తున్నాడో రెండు మాటలు చెప్పాడా? ఎర్రర్ చేసిన తర్వాతి బంతికి పాదాలు మళ్లీ సిద్ధంగా ఉన్నాయా? తేలిక బంతికి ఫస్ట్ బేస్ దాకా పూర్తి వేగంతో పరుగెత్తాడా? పైన రాసుకోమన్న అంకె ఇందుకే.

మిమ్మల్ని కూడా చూస్తారు. కంచె వెనకాల నిలబడి ప్రతి పిచ్‌కీ పిల్లవాడికి సూచనలు అరిచే నాన్న, అంపైర్‌తో గొడవపడే అమ్మ కోచ్ నోట్‌బుక్‌లోకి ఎక్కుతారు.

మార్కులు వేయండి

స్కౌట్లు 20 నుంచి 80 మార్కుల స్కేల్ వాడతారు. 50 అంటే మేజర్ లీగ్ సగటు. కొట్టడం, బలం, పరుగు, ఫీల్డింగ్, విసరడం ఒక్కొక్కదానికీ రెండు మార్కులు: ఇప్పుడు ఎంత, రాబోయే రోజుల్లో ఎంత. పదహారేళ్ల కుర్రాడికి "ఇప్పుడు 30" రావడం అవమానం కాదు. ఉదాహరణకు పదకొండో తరగతిలో ఉన్న ఒక షార్ట్‌స్టాప్ గురించి ఇలా రాయొచ్చు:

"5 అడుగుల 11 అంగుళాలు, 160 పౌండ్లు, ఇంకా ఎదుగుతాడు. ఫస్ట్ బేస్‌కి 4.41, 4.45, 4.50. పాదాలు చురుకు, బ్యాక్‌హ్యాండ్ నమ్మొచ్చు. విసరడం 40, బలం పెరిగితే 45. ఫాస్ట్‌బాల్ 85 దాకా సమయానికి అందుకుంటున్నాడు, స్లైడర్‌కి ముందు కాలు తెరుచుకుంటోంది. రెండు స్ట్రైకుల తర్వాత పట్టుదల ఉంది. కాలేజ్‌లో సెకండ్ బేస్. డివిజన్ 3 వెంటనే ఆడగలడు, జూనియర్ కాలేజ్‌లో రెండేళ్లు ఆడితే డివిజన్ 1 చిన్న జట్లు చూడొచ్చు."

ఇంత రాయగలిగితే మీకు చూడటం వచ్చినట్టే. మీ వాడి గురించి రాసేముందు ఎదుటి జట్టులో మీకు పరిచయం లేని నలుగురి గురించి రాసి అలవాటు చేసుకోండి. సొంత బిడ్డ దగ్గర కళ్లు మెత్తబడతాయి.

చదువు, దారి

డివిజన్ 1కి ఎన్‌సీఏఏ లెక్కలో 16 కోర్ కోర్సులు, వాటిలో కనీసం 2.3 జీపీఏ కావాలి. డివిజన్ 2కి 2.2. మన పిల్లల్లో చాలామందికి ఇది అడ్డంకి కాదు, పైగా బలం. డివిజన్ 3లో, ఐవీ లీగ్‌లో ఆట మీద స్కాలర్‌షిప్ ఉండదు. అయితే జాన్స్ హాప్కిన్స్, ఎమరీ లాంటి డివిజన్ 3 స్కూళ్లలో బేస్‌బాల్ గట్టిగానే ఆడతారు, డిగ్రీ విలువ చెప్పక్కర్లేదు. చదువులో మంచి మార్కులున్న కుర్రాడిని అక్కడి కోచ్ సంతోషంగా అడ్మిషన్స్ వాళ్లకి సిఫారసు చేయగలడు.

భారత సంతతి తల్లికి పుట్టిన కుమార్ రాకర్‌ని 2018లో జార్జియాలో హైస్కూల్ అవగానే కొలరాడో రాకీస్ 38వ రౌండ్‌లో ఎంచుకుంది. అతను వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి వెళ్లాడు. 2019లో డ్యూక్ మీద 19 స్ట్రైకవుట్లతో నో-హిటర్ (ఎదుటి జట్టుకి ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆట) వేశాడు. 2022లో టెక్సస్ రేంజర్స్ మూడో పిక్‌గా తీసుకుంది. కాలేజ్ ఇచ్చే మూడేళ్ల ఎదుగుదల ఎంత పెద్దదో ఇలా కనబడుతుంది.

డివిజన్ 1 కోచ్‌లు పదకొండో తరగతికి ముందు వచ్చే ఆగస్టు 1 దాకా పిల్లలతో నేరుగా మాట్లాడకూడదు. అంతకుముందు వచ్చే క్యాంప్ ఆహ్వానాలు ఎక్కువగా వందల మందికి పంపే ఈమెయిళ్లే, వాటిని చూసి డబ్బు కట్టేయకండి. ఆ తేదీకి ముందే రెండు మూడు నిమిషాల వీడియో తయారు పెట్టుకోండి. బ్యాటింగ్‌కి పక్క నుంచి, వెనక నుంచి. పిచింగ్‌కి క్యాచర్ వెనక నుంచి, ఛాతీ కనిపించే వైపు నుంచి తీయండి. సంగీతం వద్దు.

తర్వాత మీ వాడి స్కూల్ కోచ్‌ని విడిగా కలిసి ఒకటే అడగండి: "మీ పేరు పెట్టి మావాడిని ఏ స్థాయి కాలేజ్ కోచ్‌కి సిఫారసు చేస్తారు?" బాగా ఆడతాడా అని అడిగితే మర్యాదకు అవునంటారు. తన పేరు పెట్టాల్సి వస్తే ఆలోచించి చెప్తారు. ఆ జవాబునీ మీ నోట్‌బుక్‌నీ పక్కపక్కన పెట్టుకుని ఇరవై స్కూళ్లు రాయండి. ప్రతి స్కూల్ రోస్టర్ (జట్టు జాబితా) తెరిచి, మీ వాడి పొజిషన్‌లో ఎంతమంది ఉన్నారు, వాళ్లలో మీ వాడు చేరే ఏడాదికి వెళ్లిపోయేది ఎందరు, వాళ్ల ఎత్తు బరువులెంత, ఎందరు వేరే కాలేజ్ నుంచి వచ్చారు అన్నవి చూసి పొసగని వాటిని కొట్టేయండి. మిగిలిన వాటికి ఈమెయిల్ పిల్లవాడే రాయాలి, తన సొంత మాటల్లో, మొదటి వాక్యంలోనే గ్రాడ్యుయేట్ అయ్యే ఏడాది, పొజిషన్, జీపీఏ చెప్తూ.